పన్నెండు రాడ్లకీ ఒకటే 900? రెండేళ్లు పని ఇచ్చిన హార్డ్ క్రోమ్ షాపు మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, 5కి 4 ఇస్తున్నాను. ఆ ఒకటి ఎందుకు కోశానో కింద ఉంది. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నది వాళ్ల బోర్డు గురించి కాదు, హార్డ్‌నెస్ ప్రతిసారీ ఒకేలా రావడానికి వాళ్లు ఏం చేస్తున్నారన్నదే. మీరు ఎవరి దగ్గర ప్లేటింగ్ వేయించుకున్నా ఇవే చూసుకోవచ్చు.

మాది హైడ్రాలిక్ సిలిండర్ల రిపేరు పని. పాత పిస్టన్ రాడ్లు విప్పి, వాటి మీది హార్డ్ క్రోమ్ (కరెంటుతో ఎక్కించే గట్టి క్రోమియం పొర) తీయించి, మళ్లీ వేయించి, గ్రైండింగ్ చేసి, కొత్త సీళ్లు ఎక్కించి పంపుతాం. ప్లేటింగ్ ట్యాంకులు మాకు లేవు, పెట్టుకునే ఉద్దేశమూ లేదు, ఆ ఆవిరితో వేగడం మా వల్ల కాదు. అందుకే బయట వేయిస్తాం. ఇంతకు ముందు వేయించిన చోట పనివాళ్లు మంచివాళ్లే, రేటు తక్కువ, చెప్పిన రోజుకి సరుకు వచ్చేది. కానీ ఒక లాటులో పన్నెండు రాడ్లు పంపితే వాటిలో ఎనిమిది రాడ్లు ఏళ్ల తరబడి నడిచేవి, మిగతా నాలుగు మూడు నెలలకే గీతలు పడి, సీలు పెదవి తినేసి, ఆయిల్ కారుస్తూ వెనక్కి వచ్చేవి. అదే స్టీలు, అదే సీలు, అదే మెషీను. ఏమిటిది అని ఫైలు తీసి సర్టిఫికెట్లు చూస్తే పన్నెండు రాడ్లకీ ఒకటే హార్డ్‌నెస్ అంకె, 900 విక్కర్స్ (అంకె పెరిగితే గట్టిదనం పెరిగినట్టు). ఒక్కదానికైనా 885 లేదు, 930 లేదు. అప్పుడు వెలిగింది, ఇది కొలిచి రాసింది కాదు, చూసి వేసిన అంకె అని. ఏ మెషీను మీద కొలిచారని అడిగితే నోరు మెదపలేదు.

కొత్త షాపుకి మొదటిసారి వెళ్లినప్పుడు నాకు నచ్చిన విషయం చాలా చిన్నది. రాడ్డు చేతికి ఇవ్వగానే ప్లేటింగ్ సూపర్‌వైజర్ రేటు మాట ఎత్తలేదు, ప్రశ్నలు వేశారు. "ఇది ఏ స్టీలు సార్? ఇండక్షన్ హార్డెనింగ్ అయిందా? చివరికి ఎన్ని మైక్రాన్లు మిగలాలి? గ్రైండింగ్ మీరే చేసుకుంటారా, మేం చేయాలా?" రెండో ప్రశ్నకి, అంటే రాడ్డు పైభాగాన్ని వేడి చేసి గట్టిపరిచారా అన్నదానికి, నా దగ్గర సమాధానం లేదు. "తెలుసుకుని చెప్పండి, తర్వాతే ట్యాంకులో పెడతాం" అన్నారు. అప్పటికి కొంచెం చిరాకేసింది, ఒప్పుకుంటాను.

ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. హార్డ్ క్రోమ్‌లో వేడీ కరెంటూ ఎడ్ల జతలా నడవాలి, ఒకటి ముందుకు ఉరికి రెండోది వెనకబడితే పొర పాడవుతుంది. మామూలు సల్ఫేట్ బాత్ (ట్యాంకులోని క్రోమిక్ యాసిడ్ ద్రవం) 55 డిగ్రీల దగ్గర పెట్టి, చదరపు డెసిమీటరుకి 30 నుంచి 50 ఆంపియర్ల మధ్య నడిపితే మెరిసే క్రోమ్ వస్తుంది. గట్టిగా ఉండేది ఆ మెరిసే క్రోమే, 850 నుంచి 1050 విక్కర్స్ దాకా. బాత్ వేడెక్కిపోయి కరెంటు తక్కువైతే పొర పాలరంగులోకి తిరిగి మెత్తబడుతుంది. బాత్ చల్లగా ఉండి కరెంటు ఎక్కువైతే బూడిద రంగులో, గరుకుగా, పెళుసుగా వస్తుంది, అంచుల దగ్గర మాడుతుంది. ఇదంతా ప్లేటింగ్ చేసే ప్రతివాడికీ తెలుసు. తెలిసినదాన్ని రాత్రి షిఫ్టులో రెండు గంటలకి కూడా పాటిస్తున్నారా అన్నదే ప్రశ్న.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈ బాత్‌లో మనం పంపే కరెంటులో క్రోమ్‌గా మారేది పదో పదిహేనో శాతం, మిగతాది చాలావరకు హైడ్రోజన్ బుడగలుగా, వేడిగా పోతుంది. అంటే పొద్దున హీటర్‌తో వేడి చేసిన బాత్ మధ్యాహ్నానికి తనంతట తానే వేడెక్కడం మొదలుపెడుతుంది. హీటర్ మాత్రమే ఉండి కూలింగ్ కాయిల్ లేని షాపులో పొద్దున వేసిన రాడ్డూ సాయంత్రం వేసిన రాడ్డూ ఒకేలా రావు. నా పాత నాలుగు రాడ్ల గుట్టు చాలావరకు ఇదే అని నా అనుమానం. ఇక్కడ రెండూ ఉన్నాయి, కంట్రోలర్ ఒకటి రెండు డిగ్రీల తేడాలో పట్టుకుంటోంది, గంట గంటకీ రాసే పుస్తకం ట్యాంకు పక్కనే మేకుకి వేలాడుతోంది. పుస్తకం నిండా క్రోమిక్ యాసిడ్ మరకలు. శుభ్రంగా ఉన్న పుస్తకం కంటే దాన్నే ఎక్కువ నమ్మాను.

కరెంటు విషయంలో కూడా అంతే. పాత చోట బుడగలు చూసి రెక్టిఫైయర్ (ట్యాంకుకి డీసీ కరెంటు ఇచ్చే పెట్టె) నాబ్ తిప్పేవాళ్లు. ఇక్కడ ప్రతి జాబ్‌కీ ఒక చీటీ. 50 మిల్లీమీటర్ల వ్యాసం, 600 పొడవు రాడ్డు అయితే ఉపరితలం దాదాపు 9.4 చదరపు డెసిమీటర్లు, దానికి 40 చొప్పున సుమారు 380 ఆంపియర్లు. అది లెక్కకట్టి రాసి, పక్కన ఎన్ని గంటలో రాస్తారు. గంటకు 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుట్టుపక్కల ఎక్కుతుంది కాబట్టి 80 మైక్రాన్లు కావాలంటే మూడు గంటల పైమాటే. "సాయంత్రానికి ఇచ్చేయండి" అని పొద్దున పదకొండుకి వెళ్లే నాలాంటివాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

నేను అసలు ఊహించనిది ఒకటి చూశాను. ఒక ట్యాంకులో ఆరు రాడ్లు వేలాడుతున్నాయి. మీటరు మీద మొత్తం కరెంటు సరిగ్గానే ఉంది. అయినా ఒక కుర్రాడు డీసీ క్లాంప్ మీటర్ తీసుకుని ఒక్కో కొక్కెం దగ్గరా కొలుస్తున్నాడు. నాలుగో కొక్కెం దగ్గర మిగతావాటిలో సగమే చూపించింది. చేయి దగ్గర పెడితే కొక్కెం కాలిపోతోంది. విప్పి చూస్తే రాగి మీద పచ్చగా తుప్పు, కాంటాక్ట్ సరిగ్గా లేదు. గీకి, తుడిచి, బిగించారు. ఆలోచించండి, అది చూడకపోతే ఆ ఒక్క రాడ్డుకి సగం కరెంటే అంది పాలరంగు తిరిగేది, మిగిలిన ఐదింటికీ వాటా పెరిగి పొర మందమయ్యేది, మెయిన్ మీటరు మాత్రం అంతా బాగుందనే చెప్పేది. ఒకే లాటులో తేడాలు వచ్చేది ఇలాంటి చోటే.

రాడ్డు దించగానే కరెంటు వేయరు. చల్లని స్టీలు బాత్ వేడికి వచ్చేదాకా కాసేపు ఊరికే వేలాడదీస్తారు, తర్వాత ఉల్టా కరెంటుతో కొద్దిసేపు ఎచింగ్ (క్రోమ్ పట్టుకునేలా స్టీలు పైభాగాన్ని కాస్త కొరికించడం), ఆ తర్వాతే ప్లేటింగ్. బరువైన రాడ్డుకి ఈ ఓపిక లేకపోతే మొదటి పొర చల్లని లోహం మీద పడుతుంది, తర్వాత అక్కడి నుంచే లేస్తుంది. మధ్యలో కరెంటు ఆగినా అంతే, క్రోమ్ మీద కంటికి కనపడని పొర కట్టి ఆ పైన పడేది సరిగ్గా అతుక్కోదు. ఒకసారి వాళ్లే ఫోన్ చేశారు, "రాత్రి రెక్టిఫైయర్ ట్రిప్ అయింది సార్, మీ మూడు రాడ్లు తీసేసి మళ్లీ వేస్తున్నాం, రెండ్రోజులు లేటు" అని. చెప్పకుండా అలాగే కొనసాగించి ఇచ్చినా నాకు తెలిసేది కాదు. తీసేటప్పుడు కూడా హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడరు, కాస్టిక్ సోడాలో ఉల్టా కరెంటుతో తీస్తారు. యాసిడ్ అయితే గట్టి స్టీలులోకి హైడ్రోజన్ ఎక్కి అది పెళుసవుతుంది, సరిగ్గా కడగకపోతే క్లోరైడ్ క్రోమ్ బాత్‌లోకి చేరి దాన్నీ పాడు చేస్తుంది.

బాత్ కెమిస్ట్రీ గురించి నాకు తెలిసినంత వరకు రాస్తాను, నేను కెమిస్టుని కాను. లీటరుకి 250 గ్రాముల క్రోమిక్ యాసిడ్, 2.5 గ్రాముల సల్ఫేట్, అంటే 100కి 1. ఆ నిష్పత్తి జరిగితే మెరుపు వచ్చే పరిధి కూడా జరుగుతుంది, అప్పుడు నిన్నటి సెట్టింగులు ఇవాళ పనికిరావు. సల్ఫేట్ ఎక్కువైతే బేరియం కార్బొనేట్ వేసి దించుతారు, ఒక గ్రాము సల్ఫ్యూరిక్ యాసిడ్‌కి సుమారు రెండు గ్రాములు. చాలామంది హైడ్రోమీటర్ ముంచి బాత్ బాగుందంటారు. బాత్‌లో ఇనుము, మూడు వేలెన్సీల క్రోమ్ పేరుకుపోయినా హైడ్రోమీటర్ అలాగే తేలుతుంది, దానికి ఎంత చిక్కగా ఉందో తెలుసు గానీ ఏది ఉందో తెలియదు. వీళ్లు వారానికోసారి టైట్రేషన్ (ఏది ఎంతుందో తేల్చే కెమికల్ పరీక్ష) చేస్తారు, కాగితం అడిగితే చూపించారు. సీసం యానోడ్లు (బాత్‌లో రాడ్లకి ఎదురుగా ఉండే పాజిటివ్ వైపు) ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. అవి పసుపు పొర కట్టి ఉంటే యానోడ్ సరిగ్గా పనిచేయడం లేదని అర్థం, ఎక్కడికి వెళ్లినా ఇదొక్కటి మీరే కంటితో చూసుకోవచ్చు.

ఇక కొలత. ఇక్కడ మేం పప్పులో కాలేసిన సంగతి దాచకుండా చెబుతాను.

మొదటి లాటు రాగానే మా దగ్గరున్న రాక్‌వెల్ మెషీను (సూది ఎంత లోతు దిగిందో చూసి హార్డ్‌నెస్ చెప్పేది) మీద పెట్టాం. ఒక రాడ్డు మీద 56, ఇంకో దాని మీద 31. నేను వెంటనే ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. సూపర్‌వైజర్ అంతా విని, "పొర ఎంత ఉంది సార్?" అన్నారు. 50 మైక్రాన్లు. "మీ మెషీను ఎంత లోతు దిగిందో లెక్క వేయండి." రాక్‌వెల్ సి స్కేలులో ఒక్కో పాయింటుకి 2 మైక్రాన్లు, 100లోంచి తీసివేయాలి. 60 చూపించినా సూది 80 మైక్రాన్లు దిగినట్టే, 31 అంటే 138. అంటే క్రోమ్ పొరని చీల్చుకుని కింద స్టీలుని కొలిచి వచ్చాం. 56 వచ్చింది ఇండక్షన్ చేసిన రాడ్డు, 31 వచ్చింది మామూలు రాడ్డు. ఆయన మొదటి రోజు అడిగిన రెండో ప్రశ్న ఎందుకో అప్పుడు అర్థమైంది. క్షమాపణ చెప్పాను. అంతేకాదు, ఆ రెండు రాడ్ల మీద గుంటలు చేసింది మేమే కాబట్టి మళ్లీ ప్లేటింగ్ ఖర్చు కూడా మాదే.

క్రోమ్‌ని కొలవాలంటే మైక్రో విక్కర్స్ కావాలి. పెద్ద రాడ్డు ఆ మెషీను కింద పట్టదు, అందుకని రాడ్డు పక్కనే అదే స్టీలు చిన్న ముక్కలు మూడు, పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి, కట్టి వేలాడదీస్తారు. వాటిని పాలిష్ చేసి కొలుస్తారు. ఒక రోజు కూర్చుని చూశాను. 100 గ్రాముల బరువుతో వజ్రపు మొన దిగి లేస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే చిన్న గాలిపటంలా నాలుగు మూలల గుర్తు, పక్కనే జుట్టు కంటే సన్నటి పగుళ్లు అక్కడక్కడా (హార్డ్ క్రోమ్‌లో ఆ సన్న పగుళ్లు ఉండటం మామూలే, కంగారు పడక్కర్లేదు). 900 హార్డ్‌నెస్ ఉంటే ఆ గుర్తు మూల నుంచి మూలకి 14 మైక్రాన్ల చిల్లర, లోతు రెండే మైక్రాన్లు. కన్ను ఒక్క మైక్రాన్ ఎక్కువ చదివిందంటే 900 కాస్తా దాదాపు 790 అయిపోతుంది! అందుకే ఒక్క గుర్తు చూసి అంకె రాయరు, ఐదు గుర్తులు వేసి సగటు తీస్తారు, తేడాగా వస్తే ఇంకొకరిని పిలిచి మళ్లీ చదివిస్తారు. వాళ్ల సర్టిఫికెట్‌లో ఐదు అంకెలూ ఉంటాయి, 912, 938, 905, 951, 920 అని. ఎగుడుదిగుడుగా ఉన్న ఆ వరస చూస్తే నాకు నిద్ర పడుతుంది.

ఇంత చేసినా తప్పులు జరగలేదా అంటే జరిగాయి. తొమ్మిదో నెలలో ఒక లాటు, పొడవాటి రాడ్లు. కింద ముక్క 960, మధ్య ముక్క 930, పై ముక్క 770. మొదట కన్ను పొరపాటు అనుకున్నారు, వేరే మనిషి చదివినా 770లే. రాడ్ల పై భాగాన్ని వెలుతురులో తిప్పి చూస్తే చాలా తేలిగ్గా, పొగ మంచు పట్టిన అద్దంలా మసక. చెప్పకపోతే నేను పట్టుకోలేను. థర్మామీటర్ తాడుకి కట్టి మూడు లోతుల్లో చూస్తే అడుగున 55, పైన 61. బాత్‌ని కలిపే గాలి గొట్టం రంధ్రాలు మూసుకుపోయాయి, వేడి అంతా పైకి చేరింది, కంట్రోలర్ సెన్సర్ మాత్రం కింద ఉండి అంతా బాగుందంటోంది. గొట్టం మార్చారు, పైన రెండో సెన్సర్ పెట్టారు, రాడ్లు మళ్లీ వేసిచ్చారు, డబ్బు అడగలేదు. కానీ తొమ్మిది రోజులు ఆలస్యం, ఆ తొమ్మిది రోజులూ మా కస్టమర్‌కి సమాధానం చెప్పుకున్నది నేను. ఆ టెన్షన్ ఎవరూ తిరిగి ఇవ్వరు. గొట్టం నెలకోసారి చూడాల్సింది, చూడలేదు, అది వాళ్ల తప్పే.

ఇంకో లాటులో తప్పు మాది. ముక్కల మీద 930లు, అయినా రెండు రాడ్లు వెనక్కి వచ్చాయి. ఒక దాని చివర కోసి కొలిపిస్తే 720. నేను మళ్లీ ఫోన్ తీయబోయి, రాక్‌వెల్ సంగతి గుర్తొచ్చి ఆగాను. సూపర్‌వైజర్ మా షాపుకి వచ్చి గ్రైండింగ్ వీల్ మీద గోరు ఆనించి చూశారు. వీల్ ముఖం అద్దంలా నున్నగా అయిపోయింది, డ్రెస్సింగ్ (వీల్ ముఖం చెక్కి పదును తేవడం) చేసి ఎన్నాళ్లయిందో మా వాడికే గుర్తులేదు. పైగా ఒక పాస్‌కి 20 మైక్రాన్లు తోస్తున్నాడు, కూలెంట్ పైపు వీల్ మీద కాదు, పక్కన పడుతోంది. క్రోమ్ 400 డిగ్రీలు దాటితే బాగా మెత్తబడుతుంది, మొద్దు వీల్ కింద ఆ వేడి పుట్టడానికి క్షణం చాలు. రాడ్డు మీద వలలాంటి పగుళ్లు మామూలు కంటికే కనిపించాయి. అప్పటి నుంచి 5 మైక్రాన్ల పాస్‌లు, ప్రతి నాలుగు రాడ్లకీ డ్రెస్సింగ్, కూలెంట్ సరిగ్గా ఒరిపిడి దగ్గరే. పని నెమ్మదించింది, వెనక్కి రావడం ఆగింది.

ఇండక్షన్ చేసిన గట్టి రాడ్లకి ప్లేటింగ్ అయిన నాలుగు గంటల లోపు ఓవెన్‌లో 190 డిగ్రీల దగ్గర పెట్టి హైడ్రోజన్ వదిలిస్తారు. ఆ వేడికి క్రోమ్ హార్డ్‌నెస్ పెద్దగా తగ్గదు. దీని చార్టు అడిగితేనే ఇస్తారు, అడగండి.

ఇప్పుడు ఆ కోసిన మార్కు. ఒకటి, డెలివరీ తేదీ వాళ్లకి ఒక అంచనా మాత్రమే. రెండు, చివర్ల దగ్గర కరెంటు గుమిగూడి పొర ఉబ్బుతుంది కదా, దానికి ఆ ఎక్కువ కరెంటుని తమ వైపు లాక్కునే దొంగ కడ్డీలు కట్టాలి, కడతారు, కానీ చిన్న జాబ్‌లకి బద్ధకిస్తారు. చివర 120 మైక్రాన్లు, మధ్యలో 80 వచ్చిన రాడ్లు మాకు రెండుసార్లు వచ్చాయి, గ్రైండింగ్ టైమంతా దానికే పోయింది. మూడు, ప్యాకింగ్. ఇంత కష్టపడి వేసిన రాడ్లని ఒకదాని మీద ఒకటి పేర్చి గోనెలో చుట్టి పంపుతారు. మొదటి నెలలోనే పీవీసీ గొట్టాలు మేమే కొని ఇచ్చాం, ఇప్పటికీ గుర్తుచేయాల్సి వస్తోంది. రేటు పాత చోటి కంటే ఎక్కువే, దాని గురించి నాకు ఫిర్యాదు లేదు.

ఆవిరి లాగే డక్టులు ట్యాంకు అంచున పనిచేస్తున్నాయి, పనివాళ్లు మాస్కులు పెట్టుకుంటున్నారు. ఈ బాత్‌లో ఉండే ఆరు వేలెన్సీల క్రోమ్ క్యాన్సర్ కారకం, ట్యాంకు దగ్గర నిలబడితే ముక్కులో మంట పుట్టే షాపులో హార్డ్‌నెస్ ఎంత బాగున్నా నేనైతే పని ఇవ్వను.

పోయిన వారం వాళ్ల ట్యాంకు లోతు కంటే పొడవైన రాడ్డు ఒకటి తీసుకెళ్లాను. సగం వేసి, తిరగేసి మిగతా సగం వేయమన్నాను. సూపర్‌వైజర్ టేపు పెట్టి కొలిచి, తల అడ్డంగా ఊపారు. "మధ్యలో అతుకు పడుతుంది సార్. అక్కడ హార్డ్‌నెస్ ఎంత వస్తుందో నేను రాసివ్వలేను. లోతు ట్యాంకు ఉన్నవాళ్ల దగ్గర వేయించుకోండి, వాళ్ల నంబర్ ఇస్తాను" అన్నారు. రాడ్డు మళ్లీ బండెక్కించి వచ్చేశాను. ఆ లాటులో మిగతా పదకొండు అక్కడే ఉన్నాయి, బుధవారం ఇస్తామన్నారు, నేను శనివారం అని రాసుకున్నాను.